ఎవరికి పుట్టావు, ఎవరు పెంచారు: సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో కుటుంబం

2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏడీ'లో భైరవను చిన్నప్పుడు చేరదీసి పెంచింది కెప్టెన్ అనే మనిషి. దుల్కర్ సల్మాన్ వేసిన ఆ పాత్ర తెరమీద కనిపించేది కాసేపే. నీళ్ళూ తిండీ కరువైన కాశీలో దిక్కులేని పిల్లవాడికి బతకడం నేర్పింది అతనే. సినిమా చివరికి వచ్చేసరికి భైరవ ఎవరో తెలుస్తుంది. అతను మహాభారతంలోని కర్ణుడు. హాలు ఈలలతో మోగుతుంది. అప్పటికి కెప్టెన్ ఎవరికీ గుర్తుండడు.

మేము ఈ వ్యాసంలో మాట్లాడాలనుకుంటున్నది కెప్టెన్ లాంటి వాళ్ళ గురించి. సైన్స్ ఫిక్షన్ సినిమా తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లల ఇంటిని దాటి ఆలోచించగలదు. బిడ్డను మరమనిషి పెంచవచ్చు, ఒంటరి తల్లి పెంచవచ్చు, దారిలో కలిసిన మనిషి పెంచవచ్చు, ప్రయోగశాల కనవచ్చు. పెంపకం విషయంలో ఇంత ఉదారంగా ఉండే ఈ సినిమాలు, ఆ బిడ్డ అసలు ఎవరు అన్న ప్రశ్న వచ్చేసరికి మళ్ళీ పుట్టుక దగ్గరికే పోతాయి. రక్తం, వంశం, అవతారం, జన్యువు అంటూ పేర్లు మారతాయి. పెంచినవాళ్ళ పేరు మాత్రం పక్కకు పోతుంది.

పుట్టుకను చూసి మనిషి ఎవరో తేల్చేసే పద్ధతికి మన దేశంలో పేరుంది. దాన్ని కులం అంటారు. అందుకే ఇది సినిమా అభిమానులకు మాత్రమే సంబంధించిన చర్చ కాదు. తెరమీద అడిగే ఈ ప్రశ్ననే తహసీల్దారు ఆఫీసులోనూ అడుగుతారు. అక్కడ దాని జవాబు మీద ఒక విద్యార్థి చదువు ఆధారపడి ఉంటుంది.

ఏ కుటుంబం మామూలు కుటుంబం?

సినిమా పరిశోధకులు వాడే మాట 'సంప్రదాయేతర కుటుంబం'. అంటే భార్య, భర్త, వాళ్ళకు పుట్టిన పిల్లలు అన్న లెక్కకు అందని ఇల్లు. ఈ మాట వినగానే ఏ అమెరికా నగరమో, ఏ రాబోయే శతాబ్దమో గుర్తొస్తుంది. రామకుప్పంలో నిలబడి చూస్తే ఆ మాట అంత కొత్తగా ఉండదు.

కుప్పం నియోజకవర్గంలోని నాలుగు మండలాల్లో రామకుప్పం ఒకటి. మూడు రాష్ట్రాలు కలిసే మూల. ఇక్కడి పల్లెల్లో పని కోసం ఊరు విడవడం ఈ తరంతో మొదలైంది కాదు. సరిహద్దు దాటితే కోలారు బంగారు గనులు. 19వ శతాబ్దం చివర్లో జాన్ టేలర్ కంపెనీ తవ్వకాలు మొదలుపెట్టినప్పటి నుంచి 2001లో గనులు మూతపడేదాకా, ఆ సొరంగాల్లోకి దిగిన కూలీల్లో ఎక్కువమంది ఉత్తర ఆర్కాట్, చిత్తూరు ప్రాంతాల నుంచి వెళ్ళిన దళితులు. ఇప్పుడు కుప్పం స్టేషన్‌లో ఆగే బెంగళూరు రైళ్ళు ఆ పని చేస్తున్నాయి. తెల్లవారకముందే రైలెక్కి రాత్రికి ఇల్లు చేరేవాళ్ళు కొందరు. కట్టడాల దగ్గరే గుడిసె వేసుకుని పండక్కి వచ్చేవాళ్ళు కొందరు. అప్పుడు బిడ్డలు అవ్వ దగ్గర పెరుగుతారు, పెద్దమ్మ దగ్గర పెరుగుతారు, మేనమామ ఇంట్లో పెరుగుతారు, సంక్షేమ హాస్టల్లో పెరుగుతారు. అక్క తమ్ముణ్ణి పెంచుతుంది.

దీన్ని ఇక్కడ ఎవరూ సంప్రదాయేతరం అనరు. అవ్వ దగ్గర ఉన్నాడు అంటారు, అంతే. ఇదే ఏర్పాటు గురించి బయటివాళ్ళు మాట్లాడితే మాత్రం 'చెదిరిన కుటుంబం', 'పట్టించుకోని తల్లిదండ్రులు' లాంటి మాటలు దొర్లుతాయి. అమెరికాలో ఉద్యోగం చేసే కొడుకు తన బిడ్డను చూసుకోవడానికి తల్లిని ఆరు నెలలు రప్పించుకుంటే అది ఉమ్మడి కుటుంబ విలువ. కూలికి పోయిన కొడుకు బిడ్డను తల్లి దగ్గర వదిలితే అది సమస్య. రెండు చోట్లా బిడ్డను సాకుతున్నది అవ్వే.

ఈ తేడాకు మూలం అంబేడ్కర్ 1916లోనే చూపించారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర సదస్సులో చదివిన 'కాస్ట్స్ ఇన్ ఇండియా' పత్రంలో ఆయన వాదన ఇది: కులానికి ప్రాణం స్వకుల వివాహంలో ఉంది. ఒక గుంపు తన పెళ్ళిళ్ళను లోపలే ఉంచుకోవాలంటే ఆడవాళ్ళ మీద అదుపు కావాలి. భర్త పోయిన స్త్రీ కులం బయట మరో పెళ్ళి చేసుకునే అవకాశం ఉండకూడదు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం ఆ అదుపు కోసం పుట్టినవే. అంటే 'సంప్రదాయ కుటుంబం' అని మనం పిలిచేది అమాయకంగా ఏర్పడ్డ ఇల్లు కాదు. ఎవరు ఎవరికి పుట్టాలో కాపలా కాసే ఏర్పాటు అది. ఈ చూపుతో సైన్స్ ఫిక్షన్ సినిమాలను చూస్తే చాలా సంగతులు బయటపడతాయి.

తెలుగు తెరమీద భవిష్యత్తు

తెలుగులో సైన్స్ ఫిక్షన్ అనగానే అందరూ చెప్పేది సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369'. 1991లో వచ్చింది. కాలయంత్రం 1526లోని విజయనగరానికి పోతుంది, తర్వాత 2504కి పోతుంది. గతంలో మనకు కనిపించేది కృష్ణదేవరాయల కొలువు. ఆ కొలువుకు రాళ్ళెత్తిన కూలీల వాడ కనిపించదు. భవిష్యత్తులో అణుయుద్ధం తర్వాత జనం నేలకింద బతుకుతుంటారు. అక్కడ కులం ఊసు ఉండదు. అది ఎలా పోయిందో, ఎవరు పోరాడితే పోయిందో చెప్పరు. సినిమా సరదాగా ఉంటుంది, మేమూ ఇష్టంగానే చూశాం. కానీ మన భవిష్యత్తు సినిమాలకు ఉన్న అలవాటు అక్కడే మొదలైంది. గతం రాజులది, భవిష్యత్తు యంత్రాలది. మధ్యలో మన ఇళ్ళు కనబడవు.

2016లో విక్రమ్ కుమార్ తీసిన '24'లో పసిబిడ్డ ప్రాణం కాపాడటానికి తండ్రి అతన్ని రైల్లో కలిసిన ఒక పరిచయం లేని స్త్రీ చేతిలో పెడతాడు. ఆమె పేరు సత్యభామ. ఇరవై ఆరేళ్ళు ఒంటరిగా పెంచుతుంది. ఇంతకన్నా పెద్ద సాహసం ఆ సినిమాలో మరొకటి లేదని మా అభిప్రాయం. ఆమె పెంపకం మీద ప్రేమ ఉన్నా, కథను నడిపించేది మాత్రం కన్నతండ్రి చేసిన గడియారం, తండ్రికీ పెదతండ్రికీ మధ్య పగ.

2022 నవంబరులో వచ్చిన 'యశోద'కు ఈ చర్చలో ప్రత్యేక స్థానం ఉంది. హరి, హరీష్ దర్శకులు, సమంత ప్రధాన పాత్ర. డబ్బు అవసరమైన పేద ఆడవాళ్ళు అద్దెగర్భానికి ఒప్పుకుని 'ఈవా' అనే విలాసవంతమైన కేంద్రంలో చేరతారు. కడుపులోని పిండాల నుంచి ధనవంతుల సౌందర్య సాధనాలు తయారవుతుంటాయి. పేద స్త్రీ శరీరాన్ని ముడిసరుకుగా చూసే వ్యాపారాన్ని తెలుగు వాణిజ్య సినిమా ఇంత సూటిగా చూపించడం అరుదు. కానీ కథలో మలుపు ఏమిటి? యశోద నిజానికి మారువేషంలో వచ్చిన పోలీసు. అద్దెగర్భం మోసిన పేదింటి అమ్మాయి తన తెలివితో, తోటివాళ్ళతో కలిసి తిరగబడటాన్ని సినిమా ఊహించలేకపోయింది. కాలయంత్రాన్నీ పిండాల నుంచి తీసే అందాన్నీ ఊహించగలిగిన పరిశ్రమకు ఇది కష్టమైంది.

పేరు కూడా గమనించండి. యశోద అంటే కనకుండా పెంచిన తల్లి. అద్దెగర్భంలో జరిగేది దానికి పూర్తిగా తలకిందులు: కనేది ఒకరు, పెంచేది వేరొకరు. 2021లో వచ్చిన సరోగసీ నియంత్రణ చట్టం డబ్బు తీసుకుని గర్భం మోయడాన్ని నిషేధించింది. పెళ్ళైన జంటలకూ, 35 నుంచి 45 ఏళ్ళ మధ్య వయసున్న వితంతువులకూ విడాకులు తీసుకున్న స్త్రీలకూ మాత్రమే అవకాశం ఇచ్చింది. పెళ్ళే చేసుకోని స్త్రీకి, ఒంటరి పురుషుడికి, స్వలింగ జంటలకు తలుపు మూసింది. కొత్త సాంకేతికత వచ్చినా, దానితో ఎలాంటి కుటుంబం కట్టవచ్చో చెప్పేది పాత నియమమే.

రాధేయుడిలో రాధ లేదు

మళ్ళీ 'కల్కి' దగ్గరికి వద్దాం. ఆ సినిమా మొదటి సగం చాలా చురుకైనది. పిల్లలు పుట్టడం దాదాపు ఆగిపోయిన లోకం. కాంప్లెక్స్ అనే ఆకాశ నగరంలో అన్నీ ఉంటాయి, కింద కాశీలో ఏమీ ఉండవు. గర్భం ధరించగల ఆడవాళ్ళను పట్టి పైకి పంపిస్తారు. వాళ్ళకు పేర్లుండవు, సంఖ్యలుంటాయి. దీపిక పదుకొనే పాత్ర సమ్-80. పిండాల నుంచి తీసిన ద్రవం పైనున్న సుప్రీమ్ యాస్కిన్‌కు ఆయుష్షు. కింది మనుషుల శరీరంతో పైమనుషులు బతకడం అనే కథను ఇంతకన్నా స్పష్టంగా చెప్పడం కష్టం.

ఆమె తప్పించుకుని శంబాలా చేరాక కథ దారి మారుతుంది. ఆమెకు సుమతి అన్న పేరు వస్తుంది, గౌరవం వస్తుంది. ఎందుకు? ఆమె కడుపులో ఉన్నది అవతార పురుషుడు కాబట్టి. సమ్-79కి, సమ్-81కి ఆ గౌరవం దక్కదు. కాంప్లెక్స్‌లో మిగిలిన ఆడవాళ్ళు ఏమయ్యారో మనం అడగం. మామూలు బిడ్డను మోస్తున్న మామూలు స్త్రీని కాపాడటానికి అశ్వత్థామ ఆరువేల ఏళ్ళు ఎదురుచూడడు.

ఇక కర్ణుడు. మహాభారతంలో పెంపకం గురించిన అతిపెద్ద కథ అతనిదే. కుంతి వదిలేసిన బిడ్డను సూతుడైన అధిరథుడు, అతని భార్య రాధ పెంచారు. అందుకే అతను రాధేయుడు. అస్త్రవిద్యా ప్రదర్శనలో అర్జునుడికి ఎదురు నిలబడగానే అతన్ని అడిగింది కులగోత్రాలు. 1977 నాటి 'దానవీరశూర కర్ణ'లో ఆ కులం డైలాగు తెలుగు నేల మీద తెలియని వాళ్ళు లేరు. కర్ణుణ్ణి ఇన్ని తరాలుగా మనవాడు అనుకున్నది అతను సూర్యుడికి పుట్టినందుకు కాదు, సూతపుత్రుడని అవమానపడినందుకు. 2898లో అతను తిరిగి వచ్చినప్పుడు చేతికి విల్లు దక్కింది, ఒంటికి వెలుగు దక్కింది. రాధకూ అధిరథుడికీ ఆ కథలో చోటు దక్కలేదు. కెప్టెన్‌కు దక్కనట్టే.

ఇదే పరిస్థితిని వేరే సినిమా ఎలా చూసిందో పోల్చడం విద్యార్థులకు ఉపయోగపడుతుంది. ఆల్ఫోన్సో క్వారోన్ 2006లో తీసిన 'చిల్డ్రన్ ఆఫ్ మెన్'లోనూ పిల్లలు పుట్టడం ఆగిపోయింది. కాలం 2027, చోటు బ్రిటన్. శరణార్థులను బోనుల్లో పెడుతుంటారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత గర్భం దాల్చిన మొదటి స్త్రీ కీ అనే ఆఫ్రికన్ శరణార్థి. తండ్రెవరని అడిగితే తాను కన్యనని ఒక్క క్షణం నమ్మించి పకపకా నవ్వేస్తుంది. తండ్రి ఎవరో ఆమెకే తెలియదు. సినిమా మళ్ళీ ఆ ప్రశ్న వేయదు. పుట్టింది ఆడపిల్ల. ఆ బిడ్డ ఏడుపు విని తుపాకులు కాసేపు ఆగిపోతాయి. అవతారం కాదు, వంశం లేదు, తండ్రి పేరు లేదు. అయినా ఆ బిడ్డ ప్రాణానికి విలువ ఉంది. తెలుగు సినిమాకు వేల కోట్ల కథలు అందుబాటులోకి వచ్చినా ఈ ఒక్క అడుగు ఇంకా పడలేదు.

జన్యువు కొత్త కులం

పుట్టుకతో మనిషిని కొలిచే లోకాన్ని నేరుగా విమర్శించిన సినిమా 1997 నాటి 'గటాకా'. అక్కడ పిల్లలను ముందే జన్యువులు ఏరి కంటారు. అలా ఏరకుండా మామూలుగా పుట్టినవాళ్ళు 'చెల్లనివాళ్ళు'. విన్సెంట్ పుట్టిన క్షణంలోనే రక్తపు చుక్క పరీక్షించి, గుండె జబ్బుతో ముప్ఫై ఏళ్ళకే పోతాడని నర్సు చదివి వినిపిస్తుంది. తన పేరు పెడదామనుకున్న తండ్రి ఆ మాట వినగానే ఆగిపోతాడు. ఆంటన్ అన్న తన పేరును తర్వాత జన్యువులు ఏరి కన్న రెండో కొడుక్కి దాచిపెడతాడు. ఒకే ఇంట్లో అన్న అంటరానివాడు, తమ్ముడు అర్హుడు. పెద్దయ్యాక విన్సెంట్‌కు గటాకా సంస్థలో దొరికిన పని గదులు ఊడవడం. అంతరిక్షానికి పోవాలంటే వేరొకరి రక్తం, వెంట్రుకలు, మూత్రం తన పేరున చూపించి గుర్తింపు దాచుకోవాలి.

అద్దె ఇంటి కోసం ఇంటిపేరు మింగేసినవాళ్ళకు, హాస్టల్ గదిలో ర్యాంకు అడిగితే మాట మార్చినవాళ్ళకు విన్సెంట్ భయం వివరించనక్కరలేదు. సినిమా చివర్లో అతనికి తోడు నిలిచేది కన్నవాళ్ళు కాదు. తన గుర్తింపును అరువిచ్చిన జెరోమ్, చూసీ చూడనట్టు వదిలేసిన డాక్టరు. వాళ్ళతోనే అతని కుటుంబం ఏర్పడింది.

2017 నాటి 'బ్లేడ్ రన్నర్ 2049' ఇంకో అడుగు వేస్తుంది. కే అనే కథానాయకుడు కర్మాగారంలో తయారైన మనిషి. తాను తయారైనవాడు కాదని, తల్లి కడుపున పుట్టిన అద్భుత శిశువునని అతనికి ఒక దశలో నమ్మకం కలుగుతుంది. మన సినిమాల్లో ఆ నమ్మకం నిజమై తీరుతుంది. ఇక్కడ అబద్ధమని తేలుతుంది. ఆ బిడ్డ వేరే అమ్మాయి. ఏ వంశమూ లేదని తెలిసిన తర్వాత కే ఒక తండ్రినీ కూతుర్నీ కలపడానికి ప్రాణం ఇస్తాడు. ఎవరికి పుట్టాడన్నది అతని విలువను తేల్చలేదు, ఏం చేశాడన్నది తేల్చింది.

మన దేశపు కథ కావాలంటే 'లైలా' ఉంది. ప్రయాగ్ అక్బర్ 2017లో రాసిన నవల ఆధారంగా 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో సిరీస్‌గా వచ్చింది. 2040ల చివర ఆర్యావర్త అనే రాజ్యం. ఒక్కో సమూహానికి ఒక్కో గోడ. ముస్లింను పెళ్ళి చేసుకున్న షాలిని నుంచి కూతురు లైలాను లాక్కుని, తల్లిని శుద్ధి శిబిరంలో పెడతారు. పుట్టుక స్వచ్ఛత కోసం రాజ్యం ఇంట్లోకి ఎలా వస్తుందో చూపించడంలో ఇది అంబేడ్కర్ 1916 పత్రానికి తెర రూపంలా ఉంటుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. లైలా ఒకప్పటి పనిమనిషి సప్న దగ్గర పెరుగుతోందని తెలిసినప్పుడు కథ దాన్ని తల్లి పాలిట పీడకలగా చూపిస్తుంది. అంతకుముందూ ఆ బిడ్డ ఆలనాపాలనా చూసింది పనిమనిషేనన్న సంగతి అప్పుడు ఎవరికీ సమస్య కాలేదు.

మదనపల్లె పిల్లవాడు, మాతమ్మ బిడ్డ

ఎంపికైన బిడ్డను వేరేవాళ్ళు పెంచి లోకరక్షకుడిగా తయారుచేయడం సినిమాల్లోనే జరుగుతుందనుకోవద్దు. మన పక్కనే జరిగింది. 1895లో మదనపల్లెలో ఒక బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పదేళ్ళకు తల్లిని పోగొట్టుకున్నాడు. 1909లో అడయారులో దివ్యజ్ఞాన సమాజం పెద్దలు ఆ అబ్బాయిని చూసి, రాబోయే జగద్గురువు ఇతనేనని నిర్ణయించారు. అనీబిసెంట్ అతనికీ తమ్ముడు నిత్యానందకూ సంరక్షకురాలైంది. 1911లో అతని పేరున ఒక అంతర్జాతీయ సంఘమే పెట్టారు. తండ్రి నారాయణయ్య పిల్లలను తిరిగి ఇమ్మని 1912లో మద్రాసు హైకోర్టులో దావా వేశాడు. అక్కడ గెలిచాడు. 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసింది. 1929లో కృష్ణమూర్తే ఆ సంఘాన్ని రద్దు చేసి జగద్గురువు పాత్ర తనకొద్దన్నాడు. మా దృష్టిలో ఆ కథలో గొప్ప ఘట్టం అదే.

కన్నవాళ్ళకు దూరంగా, పరాయి దేశపు ఆడమనిషి పెంపకంలో పెరిగినందుకు ఎవరూ అతని కులాన్ని అనుమానించలేదు. అతని కుటుంబాన్ని చెదిరిన కుటుంబం అనలేదు.

అదే పూర్వపు చిత్తూరు జిల్లా తూర్పు మండలాలకు పోదాం. అక్కడ దళిత ఆడపిల్లలను మాతమ్మ దేవతకు అంకితం చేసే ఆచారం ఉంది. 1988లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ దేవదాసీల అంకిత నిషేధ చట్టం ఇలాంటివాటిని నేరం చేసింది. అయినా ఆచారం ఆగలేదన్న ఫిర్యాదుల మీద 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలకు నోటీసులిచ్చింది. మాతమ్మగా మారిన స్త్రీకి పెళ్ళి ఉండదు. ఆమె బిడ్డలకు తండ్రి ఉంటాడు, తండ్రి పేరు ఉండదు. ఆమె ఒక్కతే పెంచుతుంది. ఒంటరి తల్లి పెంపకం సినిమాలో ధైర్యం అనిపించుకుంటుంది. ఇక్కడ బడి రిజిస్టరులో ఖాళీ గడిగా మిగులుతుంది. ఈ ఇల్లు ఎవరూ స్వేచ్ఛగా ఎంచుకున్నది కాదు. కుల అణచివేత ఆమె మీద మోపినది. కాబట్టి సంప్రదాయేతర కుటుంబాలన్నిటినీ ఒకే గాటన కట్టి పొగడటం మా ఉద్దేశం కాదు. ఎంచుకున్న ఇంటికీ, బలవంతంగా మోపిన ఇంటికీ ఉన్న తేడాను సినిమా చెప్పడం లేదు కాబట్టి మనం చెప్పాలి.

సర్టిఫికెట్ అడిగే ప్రశ్న

రోహిత్ వేములకు సైన్స్ అంటే ప్రాణం. కార్ల్ సేగన్ లాగా సైన్స్ రచయిత కావాలన్న కోరికను 2016 జనవరి 17న రాసిన చివరి ఉత్తరంలో చెప్పుకున్నాడు. ఆ తర్వాత జరిగిన చర్చంతా అతన్ని విశ్వవిద్యాలయం ఎలా చూసింది అన్నదాని కంటే, అతను ఎవరికి పుట్టాడు అన్నదాని చుట్టూ తిరిగింది. అతని తల్లి రాధిక పుట్టింది మాల కుటుంబంలో, చిన్నప్పుడు ఆమెను తెచ్చి పెంచుకున్నది వడ్డెర కుటుంబం. భర్త వడ్డెర. అతని నుంచి విడిపోయి ముగ్గురు పిల్లలను ఆమె ఒంటరిగా, దళితవాడలో పెంచింది. కేంద్రం వేసిన కమిషన్ రోహిత్ దళితుడు కాదంది. 2024 మే నెలలో వెలుగుచూసిన పోలీసుల ముగింపు నివేదికా అదే మాట చెప్పింది. నిరసనలు రావడంతో మళ్ళీ దర్యాప్తు చేస్తామని తెలంగాణ పోలీసు శాఖ ప్రకటించింది.

ఈ విషయంలో చట్టం ఏమంటుందో ప్రతి విద్యార్థి సంఘానికీ తెలిసి ఉండాలి. 2012 జనవరి 18న రమేశ్‌భాయ్ దభాయ్ నాయికా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇది. తల్లి ఎస్సీ లేదా ఎస్టీ, తండ్రి పై కులం అయినప్పుడు బిడ్డది తండ్రి కులమే అని మొదట అనుకోవచ్చు. కానీ అది తుది మాట కాదు. తనను తల్లి పెంచిందనీ, తల్లి సమాజంలో ఒకడిగా పెరిగాననీ, ఆ సమాజం పడిన అవమానాలూ లేములూ తానూ పడ్డాననీ, లోపలివాళ్ళూ బయటివాళ్ళూ తనను ఆ సమాజపు మనిషిగానే చూశారనీ బిడ్డ నిరూపించుకోవచ్చు. అంటే న్యాయస్థానం పుట్టుకతో పాటు పెంపకాన్నీ లెక్కలోకి తీసుకుంది. కాగితం మీద దత్తత చూపించి రిజర్వేషన్ కొట్టేసే దారి ఇది కాదు. చిన్ననాటి నుంచి అనుభవించిన వివక్షే ఇక్కడ కొలత.

మరో తీర్పు కూడా ఉంది. పెళ్ళి కాని తల్లి తన బిడ్డకు సంరక్షకురాలు కావడానికి తండ్రి పేరు బయటపెట్టనక్కరలేదని, తండ్రికి నోటీసు ఇవ్వనక్కరలేదని 2015 జులైలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2016 డిసెంబరులో మారిన పాస్‌పోర్టు నియమాలు తల్లి లేదా తండ్రి, ఒక్కరి పేరు చాలన్నాయి. మన సినిమా కర్ణుడి కవచకుండలాల దగ్గరే ఆగింది. చట్టం తడబడుతూనే అయినా కొంచెం ముందుకు నడిచింది.

రోహిత్ ఇష్టపడిన సేగన్ 1985లో 'కాంటాక్ట్' అనే నవల రాశాడు. 1997లో సినిమాగా వచ్చింది. సినిమాలో ఎల్లీ అనే శాస్త్రవేత్తను తండ్రి ఒంటరిగా పెంచుతాడు. నవలలో మరో సంగతి ఉంది, సినిమా దాన్ని వదిలేసింది. తనను చిన్నప్పుడు పెంచి, ఆకాశం మీద ఆసక్తి కలిగించిన మనిషి తనకు కన్నతండ్రి కాదని ఎల్లీకి చివర్లో తెలుస్తుంది. కన్నతండ్రి ఆమెకు ఎన్నడూ నచ్చని సవతి తండ్రే. నక్షత్రాల అవతల నుంచి వచ్చిన సందేశాన్ని చదవగలిగిన మనిషికి తన పుట్టుకే తెలియదు. తెలియకపోయినా ఆమె శాస్త్రవేత్త కావడానికి ఏమీ అడ్డురాలేదు. ఆమెను ఆమెగా చేసింది పెంచినవాడి ప్రేమ.

చూసేవాళ్ళకూ రాసేవాళ్ళకూ

ఇకమీద ఏ సైన్స్ ఫిక్షన్ సినిమా చూసినా కొన్ని ప్రశ్నలు పక్కన పెట్టుకోమని విద్యార్థి మిత్రులను కోరుతున్నాం. ఈ బిడ్డను అన్నం పెట్టి పెంచింది ఎవరు? వాళ్ళు చివరి సన్నివేశం దాకా బతికి ఉన్నారా? పెంచినవాళ్ళ కులం, కూలి, ఇల్లు తెరమీద ఉన్నాయా? బిడ్డకు గౌరవం వచ్చింది తాను చేసిన పనివల్లా, రక్తంవల్లా? అద్దెగర్భం మోసిన స్త్రీకి పేరు ఉందా, సంఖ్య ఉందా? హాస్టల్లో, సంఘం సమావేశంలో పదిమంది కూర్చుని ఒక సినిమాను ఇలా విప్పి చూస్తే అంబేడ్కర్ పత్రం ఒక పాఠంలా కాకుండా పనిముట్టులా చేతికి వస్తుంది.

రాయడం కూడా మొదలైంది. చెన్నైకి చెందిన బ్లాఫ్ట్ సంస్థ 2024లో కుల నిర్మూలన దృష్టితో రాసిన సైన్స్ ఫిక్షన్, ఊహాకథల సంకలనం ఇంగ్లీషులో తెచ్చింది. తెలుగులో ఆ పని జరగాల్సి ఉంది. కుప్పం రైలెక్కే తల్లి, ఆమె వచ్చేదాకా బిడ్డను కనిపెట్టుకుని ఉండే అవ్వ, పక్కింటి పొయ్యి మీద ఉడికే సంగటిలో ఆ బిడ్డకూ ఒక ముద్ద. వందేళ్ళ తర్వాతి రామకుప్పంలో ఈ ఏర్పాటు ఎలా ఉంటుందో, ఉండాలో, పల్లె నుంచి వచ్చిన రచయిత రాస్తే అందులో అవతారాల అవసరం ఉండదు.

ఆ కథ వచ్చేలోగా కార్యకర్తలు చేయాల్సిన పని ఒకటుంది. తల్లి ఒక్కతే పెంచిన బిడ్డలు, అవ్వ దగ్గర పెరిగిన బిడ్డలు ఊళ్ళో ఎవరెవరున్నారో తెలుసుకోండి. బడి చేరిక రికార్డు, హాస్టల్ ప్రవేశ పత్రం, రేషన్ కార్డు, అంగన్‌వాడీ నమోదు, వాడలోని పెద్దల వాంగ్మూలాలు ఇప్పుడే సేకరించి ఒక ఫైల్లో పెట్టండి. పెంపకాన్ని నిరూపించమని అడిగే రోజున పనికొచ్చేది ఆ కాగితాలే. ఆ రోజు బిడ్డకు పద్దెనిమిదేళ్ళు వచ్చాక వస్తుంది. అప్పటికి పెంచిన అవ్వ ఉండకపోవచ్చు.